మూడో పసుపు గడి

షార్జాలో, రోలా దగ్గర,
టైర్ల షాపు మీది మేడలో నా సీటు.
ఏసీ కింద బకెట్టు. బకెట్టులో చుక్క.
తొమ్మిదింటికి సైటు నుంచి ఫోటోలు వస్తాయి,
ఆరువేల పిక్సెళ్ల వెడల్పు, ఒక్కోటీ ఇరవై ఎంబీ.
వెబ్‌సైటు గుమ్మం పొట్టిది,
తల వంచితే తప్ప లోపలికి రానివ్వదు.

పొడవునూ వెడల్పునూ కలిపి కట్టే
గొలుసు బొమ్మ నొక్కుతాను.
గొలుసు తెగితే మనుషులు అప్పడాల్లా సాగుతారు.
చేరిన కొత్తలో ఒక టవర్ క్రేనును
పీటంత పొట్టిది చేశాను, మేనేజరు వారం రోజులు నవ్వాడు.

చిన్నది చేస్తుంటే ముందు ఏవి పోతాయో నాకు తెలుసు.
తాళ్లు. కరెంటు తీగలు. తర్వాత కళ్లు.
పళ్లు కాస్త నిలుస్తాయి, తెల్లగా ఉంటాయి గనుక.
హెల్మెట్లు చివరిదాకా ఉంటాయి.

క్వాలిటీ అరవై. ఎంటర్.
అదే పేరుతో సేవ్.
పాతదాని మీదే రాసేయనా అని ఓ చిన్న డబ్బా అడుగుతుంది,
నేను చదవను.
నా చూపుడువేలు ఏనాడో జవాబు నేర్చుకుంది.

శుక్రవారం నమాజు వేళ, ఆఫీసు ఖాళీ,
మెట్ల మీద చెప్పుల చప్పుడు.
గంగరాజం. సెంట్రింగు పని. కోరుట్ల దిక్కు మనిషి.
పదకొండేళ్ల వీసా ఎల్లుండి క్యాన్సిల్.
ఫోను నా కీబోర్డు మీద పెట్టాడు.
"మేడమ్, దీన్ని జర పెద్దగ చేసియ్యుండ్రి.
గోడకు పెట్టుకునేటంత."

మా వెబ్‌సైటులోదే. ఓ మూలన ఉండే బొమ్మ,
నూట యాభై ఇంటు వంద.
ముప్ఫై నాలుగో అంతస్తు స్లాబు పోసిన రోజు,
వరసగా నిలబడ్డ హెల్మెట్లు.
"సైటుల ఫోన్లు బందు గద.
నేను పని మీదున్నప్పుడు ఎవ్వలన్న తీసింది గిదొక్కటే."

రెండు వందల శాతం. మొహాలు మంచులోకి పోయాయి.
నాలుగు వందలు. మంచు గడ్డకట్టింది.
ఎనిమిది వందలకు అన్నీ గడులే.
షార్పెన్ వేస్తే అంచులకు ముళ్లు మొలిచాయి.
గోరంతను కొండంత చేయడం నోటికి వచ్చు,
ఈ మిషనుకు రాదు.
పక్క గడి రంగు చూసి మధ్య గడికి ఊహించి పూస్తుంది, అంతే.
పోయిన మీసాన్ని ఎక్కడ్నుంచి తెస్తుంది?

"అసలుది ఉంటది గద, మేడమ్?"

సర్వర్లో వెతికాను. ఫోల్డరు ఉంది. ఫైలు ఉంది.
తేదీ, నేను చేరిన మూడో నెల.
తెరిస్తే నూట యాభై ఇంటు వంద.
చివరగా మార్చినవారు అన్నచోట
నా పేరు, ఎప్పుడూ అందరూ తప్పు రాసే నా పేరు,
ఒక్క అక్షరం తప్పు లేకుండా.

సర్వరు పాతదైపోయిందన్నాను.

ఆయన స్క్రీను మీదికి వంగాడు.
సిమెంటుకు పగిలిన వేలు అద్దానికి తగలకుండా చూపించాడు.
"గిది బాబులా, ఒడియా పిల్లగాడు,
జూడుండ్రి, అందరికన్న రెండు గడులు పొడుగు.
గీ తెల్లది ఫోర్‌మన్.
గీడ సందున్నది గద, జాకీరు వంగి బూటు లేసు కట్టుకుంటుండె.
గీ మూడో పసుపు గడి నేను."
కొంచెంసేపు అట్లాగే చూశాడు.
"గట్లనే తీయుండ్రి. నాకు తెలుస్తది."

ఏ-త్రీ కాగితం మీద, రంగుల్లో,
ప్రింటర్ రిజిస్టరులో రాయకుండా తీశాను.
చుట్టి రబ్బరు బ్యాండు వేసుకున్నాడు.
మెట్లు దిగేటప్పుడు గోడ తగలకుండా
రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

ఇప్పుడా డబ్బా అడిగితే చదువుతున్నాను.
వేరే పేరుతో సేవ్. అసలువి వేరే ఫోల్డర్లో.
డిస్కు నిండుతోందని, అక్కర్లేనివి తీసేయమని
ఐటీ మాథ్యూ రెండుసార్లు మెయిలు పెట్టాడు.
చూస్తానన్నాను.
బకెట్టు కూడా నిండింది,
ముందు అది పారబోయాలి.